లాన్‌కు స్ప్రింక్లర్ పెట్టేటోళ్ళకు ఒక రైతు ఇచ్చే కొటేషన్

పోస్టు జర పెద్దగుంటది, ఓపికతోని చదవండి.

ఈ నడుమ నన్ను ఎక్కువమంది అడుగుతున్నది పంటల గురించి కాదు. "అన్నా, శామీర్‌పేట దిక్కు అర ఎకరం తీసుకున్నం, ఇల్లు కట్టినం, ఇంటి ముందట వెయ్యి గజాల లాన్ వేస్తున్నం. స్ప్రింక్లర్ సిస్టం పెట్టాలంటే బడ్జెట్ ఎంత అయితది? మీరు రైతులు గదా, మీకు తెలుస్తది" అని అడుగుతరు. మేడ్చల్ కాడ, తుర్కపల్లి కాడ, రాజీవ్ రహదారి పొడుగూత ఇదే ముచ్చట. అడిగినోళ్ళు మంచోళ్ళే. పిల్లలు గడ్డి మీద ఆడుకోవాలె, సాయంత్రం కుర్చీలు వేసుకొని కూసోవాలె అనుకునుడు తప్పేం కాదు.

మీరు తెచ్చి చూపించే కొటేషన్లు నేను చూసిన. పైపులు, హెడ్లు, వాల్వులు, టైమరు, మోటరు, కాల్వ తవ్విన కూలి. కింద మొత్తం. నీళ్ళు అనే లైను ఒక్కదాంట్ల కూడా లేదు. నీళ్ళు లెక్క కట్టని స్ప్రింక్లర్ కొటేషన్, పెండ్లికొడుకు లేని పెండ్లి పత్రిక అసొంటిది. అందుకే ఆ లైను నేను రాసిస్త. లెక్కలో తప్పుంటే దిద్దండి.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందం నీళ్ళు పడితే ఒక లీటరు. వెయ్యి గజాలంటే 836 చదరపు మీటర్లు. ఏప్రిల్, మే ఎండలకు ఆ గడ్డి పచ్చగ ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లన్నా కావాలె. అంటే రోజుకు దగ్గర దగ్గర 4,200 లీటర్లు. నెలకు లక్షా 25 వేల లీటర్లు. గాలికి కొట్టుకపోయేది, బాట మీద పడేది ఇండ్ల కలపలేదు.

ఇది ఎంతనో తెల్వాలంటే ఇంకో లెక్క చూడండి. హైదరాబాద్ జలమండలి 2021ల మొదలుపెట్టిన పథకం కింద ఒక ఇంటికి నెలకు ఉచితంగ ఇచ్చే నీళ్ళు 20 వేల లీటర్లు. తాగుడు, వండుకొనుడు, స్నానం, బట్టలు, బోళ్ళు అన్నీ అండ్లనే వెళ్ళదీసుకునే ఇండ్లు పట్నంల ఎన్నో ఉన్నయి. మీ వెయ్యి గజాల గడ్డి ఆ నెల నీళ్ళను ఐదు రోజులల తాగేస్తది.

"మాకు జలమండలి నీళ్ళు అక్కర్లేదు, మా జాగల మా బోరు ఉన్నది" అంటరు. బోరు మీదే. బోర్లకొచ్చే నీళ్ళు ఎవరివి?

మన దిక్కు ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన పడ్తది. కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. ఇసుక నేల లెక్క పీల్చుకోదు. పడ్డ వానల ఎంత మంచిగ చూసినా పదో వంతు కింది పొరలకు దిగుతది. అంటే 80 మిల్లీమీటర్లు. మరి మీ గడ్డి? వానలు లేని నవంబరు నుంచి మే దాకా 210 రోజులు. చలికాలం తక్కువ, ఎండాకాలం ఎక్కువ, సగటున రోజుకు 4 మిల్లీమీటర్లు వేసుకున్నా 840. అంటే మీ గడ్డి తాగేది దాని కిందికి దిగే వానకు పది రెట్లు. వెయ్యి గజాల లాన్‌కు పది వేల గజాల మీద ఇంకిన వాన కావాలె. అది రెండెకరాల పైనే.

మీ పట్టా అర ఎకరం. ఆ అర ఎకరంల కూడా ఇల్లు, కారు నిలిపే జాగ, బండలు పరిచిన బాట పోతే మిగిలింది ఎంత? తక్కువబడ్డ ఒకటిన్నర ఎకరం వాన ఎక్కడిది? కంచె అవతలోనిది. ఆయన పాలకూర, కొత్తిమీర, టమాట పెట్టి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపుకునేటోడు. కంచె భూమి మీద ఉంటది, నీళ్ళ కింద ఉండదు. మీ 7.5 హెచ్‌పీ మోటరు ఎనిమిది వందల అడుగుల కింద తిరుగుతుంటే ఆయన మూడు వందల అడుగుల బోరు గాలి కొడ్తది. ఆయనకు కారణం కూడా తెల్వదు, తన నసీబు అనుకుంటడు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. మా చిన్నప్పుడు మేడ్చల్, శామీర్‌పేట, కీసర అంటే ద్రాక్ష పందిళ్ళు. అనాబ్-ఎ-షాహి గుత్తులు ఈడికెళ్ళి పట్నం పోయేటియి. బాయిలల్ల నీళ్ళు చేతికందేటియి. తర్వాత బాయిలు ఎండినయి, బోర్లు కిందికి పోయినయి, భూమి రేటు మీదికి పోయింది, పందిళ్ళు పీకి ప్లాట్లు చేసినరు. ద్రాక్ష పోవుడుకు రోగాలు, కూలీల కరువు, రేట్లు కూడా కారణాలే. కాని నీళ్ళు ఉన్న తోటను ఎవడూ తొందరగ అమ్ముకోడు.

ఇప్పుడు మీరు అడిగే మాట నాకు ఎరుకే. "మీ వరి తాగుత లేదా నీళ్ళు? మా గడ్డి మీదనే ఎందుకు పడ్తరు?"

న్యాయమైన ప్రశ్న. యాసంగి వరి వెయ్యి మిల్లీమీటర్ల పైనే తాగుతది. మీ గడ్డి కన్నా ఎక్కువ. బోరు కింద యాసంగి వరి మన దిక్కు తగ్గాలె అని నేను కూడా అంట. కాని వరి నాలుగు నెలలు తాగి గింజ ఇస్తది, పశువుకు గడ్డి ఇస్తది. ఆకుకూర నెల రోజులు తాగి మీ ఇంటికే వస్తది. లాన్ గడ్డి ఏడాదంత తాగి, వారానికోసారి కోపిచ్చుకొని, చెత్తకుప్పకు పోతది. ఇంకో మాట. రైతు డ్రిప్పుకో స్ప్రింక్లర్‌కో సబ్సిడీ అడిగితే పాసుపుస్తకం చూపియ్యాలె, నీటి వసతి చూపియ్యాలె, ఏ పంటనో చెప్పాలె. 2003ల సూక్ష్మ సేద్యం పథకం వచ్చిన కాడి నుంచి మాకు నీళ్ళ పొదుపు పాఠాలు చెప్తనే ఉన్నరు, మంచిదే. లాన్ వేసేటోళ్ళను ఒక్క కాయితం అడిగినోడు లేడు.

రెండో మాట, అమ్మేటోళ్ళు చెప్పేది: "ఆటోమేటిక్ సిస్టం పెడితే సగం నీళ్ళు ఆదా." హోజు పైపు పట్టుకొని ఇష్టమున్నట్టు పారబెట్టిన దాని కన్నా ఆదా అయితది, ఒప్పుకుంట. కాని ఆదా అయిన నీళ్ళు భూమిల ఉంటున్నయా? సిస్టం వచ్చిందని రెండు వందల గజాల గడ్డి వెయ్యి గజాలు అయితది. మనిషి చేతుల పైపు ఉంటే నేల తడి చూసి బందు చేస్తడు. టైమరుకు కండ్లు లేవు. జోరు వానల స్ప్రింక్లర్లు తిరుగుతున్న ఫామ్‌హౌస్‌లు ఈ రోడ్డు మీద మీరు చూడలేదా? నేనైతే చూస్తనే ఉన్న.

అయినా పెట్టుకుంటం అంటే, మోసపోకుండ ఎట్ల లెక్క వేయాల్నో చెప్త. ఇది మేము స్ప్రింక్లర్లతోని, రెయిన్ పైపులతోని నేర్చుకున్నదే.

మొదలు బోరు కొలవండి. 20 లీటర్ల బకెట్టు, ఫోన్ల స్టాప్‌వాచ్ చాలు. మోటరు గంటసేపు నడిచినంక కొలవాలె, అది కూడా మే నెలల. వానకాలం కొలిచిన బోరు, పెండ్లిచూపులకు పంపిన ఫోటో ఒకటే. బకెట్టు 20 సెకండ్లల నిండితే నిమిషానికి 60 లీటర్లు. ఒక్కో తిరిగే హెడ్డు నిమిషానికి 10 లీటర్ల దాకా తీసుకుంటది అనుకుంటే ఒక్కసారికి ఆరు హెడ్ల కన్నా ఎక్కువ నడవవు. దాన్ని బట్టి ఎన్ని జోన్లు, ఎన్ని వాల్వులు అనేది తేలుతది. బోరు కొలవకుండ జోన్లు రాసిచ్చినోడు మీకు పైపులు అమ్ముతున్నడు, సిస్టం కాదు.

రెండోది, ఒక హెడ్డు చిమ్మిన నీళ్ళు పక్క హెడ్డు మొదటి దాకా పోవాలె. రేటు తగ్గించి చూపియ్యనీకి హెడ్లు దూరం దూరం పెడ్తరు. నడుమ మచ్చలు మచ్చలుగ ఎండుతది. ఎండిన కాడ పచ్చబడాలని మీరు టైము పెంచుతరు, మిగతాదంత బురద. హెడ్ల మీద మిగిలిన పైసలు నీళ్ళల పోతయి. పరీక్ష సులువే: ఒకే సైజు డబ్బాలు పదో పన్నెండో లాన్ మీద అక్కడక్కడ పెట్టి పావుగంట నడిపియ్యండి. అన్నిట్ల ఇంచుమించు ఒకే మట్టం రావాలె. రాకపోతే ఆఖరి పేమెంటు ఆపండి.

మూడోది, తెల్లారకముందే నడిపియ్యండి. పగటి ఎండల, గాలిల చిమ్మిన నీళ్ళు గడ్డికి చేరకుండ ఆకాశానికి పోతయి కొన్ని. నీడ పడే జాగ, ఎండ జాగ ఒకే జోన్ల కలపొద్దు. మనది ఎక్కువ ఎర్ర చెల్క. ఎక్కువసేపు పెడితే వేరు దాటి కిందికి పోతది. వాన సెన్సారు పెట్టియ్యని సిస్టం తీసుకోకండి. మొత్తం ఖర్చుల దానిది చాలా చిన్న వాటా.

నాలుగోది, ఏడాది ఖర్చు రాసుకోండి. బోరు ఎండితే ఏమైతది? ట్యాంకరు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నెలకు 25 కావాలె. ఒక్కోటి వెయ్యి అనుకున్నా నెలకు 25 వేలు. లేకుంటే ఇంకో బోరు. వెయ్యి అడుగులు పోతే డ్రిల్లింగు, కేసింగు, మోటరు, కేబులు కలిపి రెండు లక్షలు దాటుతది, నీళ్ళు పడ్తయని గ్యారంటీ లేదు. కొత్త బోరుకు 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలె, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అయితే ఇంకా గట్టిగ చూస్తరు. రాత్రికి రాత్రి బండి పిలిచి దింపుకునుడు బడ్జెట్ కాదు, దొంగతనం.

కరెంటు సంగతి కూడా చెప్పాలె. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉన్నది. అది పంటకు. అర ఎకరం పట్టా చూపించి వ్యవసాయ కనెక్షన్ తీసుకొని దానితోని లాన్ తడిపేటోళ్ళున్నరు. లాన్ వ్యవసాయం కాదు. మీటరు పెట్టుకోండి, బిల్లు కట్టండి. రేపు "ఉచిత కరెంటు దుర్వినియోగం" అని ఎవడన్న కోత పెడితే తగిలేది మాకు, మీకు కాదు.

వేరే కాడ ఏం చేస్తున్నరో చూడండి. 2024 మార్చిల బెంగళూరుల నీళ్ళ కరువొస్తే అక్కడి జలమండలి తోటలకు, కార్లు కడుగుడుకు తాగునీళ్ళు వాడితే 5 వేల జరిమానా పెట్టింది. అమెరికాల నెవాడా రాష్ట్రం 2021ల చట్టం చేసి, లాస్ వేగాస్ దిక్కు రోడ్ల పక్కన, ఆఫీసుల ముందట ఊకె అలంకారానికి పెంచే గడ్డిని తీసేయమన్నది. ఏ దేశం లాన్లు చూసి మనం ఇష్టపడుతున్నమో ఆ దేశంలనే గడ్డి పీకుతున్నరు.

మరి ఏం చేయాలె అంటే, గడ్డి సైజుకు నీళ్ళు వెతకకండి, నీళ్ళ సైజుకు గడ్డి వేయండి. మనిషికి రోజుకు 135 లీటర్లు అని పట్నాలకు సర్కారు లెక్క. మరుగుదొడ్డికి, తాగుడుకు, వంటకు పోయేది తీసేస్తే స్నానం, బట్టల నీళ్ళు మనిషికి 80 లీటర్లన్నా మిగులుతయి. ఐదుగురికి 400 లీటర్లు. ఎండాకాలంల కూడా దగ్గర దగ్గర వంద గజాల గడ్డికి సరిపోతయి. ఆ నీళ్ళు స్ప్రింక్లర్‌తోని చిమ్మొద్దు, సబ్బు నీళ్ళు పిల్లల మీద పడ్తయి, హెడ్లు కూడా బందయితయి. పైపుతోని నేల మీదికి వదలండి. వంద గజాలకు ఏ సిస్టమూ అక్కర్లేదు. పెద్ద గేటెడ్ కాలనీలల్ల మురికినీళ్ళ శుద్ధి ప్లాంటు ఉంటది, అక్కడ పార్కులకు ఆ శుద్ధి చేసిన నీళ్ళే కట్టాలని మీటింగుల అడగండి.

గడ్డి కూడా మెక్సికన్‌దే కావాలని లేదు. మన గరిక ఉన్నది. వినాయకునికి పెట్టే గరికనే. ఎండాకాలం పచ్చదనం పోతది, చచ్చిపోయిందనుకుంటం, రెండు వానలు పడంగనే మళ్ళ లేస్తది. రెండు నెలలు గోధుమ రంగుల ఉంటే మీ ఇంటి ఇజ్జత్ ఏం పోదు. మిగిలిన జాగల వేప, చింత, జామ, సీతాఫలం పెట్టండి. రెండు మూడేండ్లు కాపాడితే తర్వాత వాటి నీళ్ళు అవే చూసుకుంటయి, మీకు నీడ కూడా ఉంటది. ఇంటి కప్పు మీది వానను ఇంకుడు గుంతలకు మలపండి.

ఊరికి మీరు కొత్తగ వచ్చినరు, మంచిదే, ఉండండి. కాని బోరు వేసేముందు కంచె అవతల ఉన్న రైతు దగ్గరికి ఒక్కసారి పోండి. ఆయన బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎంత పోస్తది అని అడగండి. ఆయన చెప్పిన సంఖ్యను మీ కొటేషన్ల మొదటి లైనుల రాయండి. అప్పుడు మీ లాన్ ఎన్ని గజాలు ఉండాల్నో మీకే తెలుస్తది.

మేల బకెట్టు పెట్టి కొలిచినోళ్ళు, ఎన్ని సెకండ్లకు నిండిందో కింద రాయండి. ఫామ్‌హౌస్ కట్టుకుంటున్న దోస్తులు ఉంటే వాళ్ళకు పంపండి.