విషయం కరువైందట!

మొన్న మా కాలేజీ విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, పరిశోధన చేద్దామంటే విషయమే దొరుకుత లేదు" అన్నాడు. ఏ కావ్యం ముట్టుకున్నా అందులోని అలంకారాలను ఎవరో లెక్కపెట్టి డాక్టరేటు పుచ్చుకునే ఉన్నారట! అతనిది గద్వాల. నేతపని ఇల్లు.

నాకు నవ్వు వచ్చింది. ఆ గద్వాల ప్రాంతపు బోరవెల్లిలోనే కదండీ, 1896లో, సురవరం ప్రతాపరెడ్డిగారు పుట్టింది! ఆయన వకీలు, పత్రికా సంపాదకుడు, 1952లో వనపర్తి శాసనసభ్యుడు. ఆచార్యుడు మాత్రం కాదు. మనం ఉపమలూ ఉత్ప్రేక్షలూ ఏరుకునే కావ్యాల్లోనే ఆయన మన పూర్వుల తిండీ బట్టా, ఆటలూ, వర్తకమూ వెతికి పట్టుకున్నారు. 1949లో వచ్చిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" అదే. తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, దానికే. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

"మీ మగ్గమే చూడవయ్యా" అన్నాను. "నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడం ఒక శాస్త్రం. పెట్టుబడి ఎవరిది, కూలి ఎంత గిట్టుతుందన్నది అర్థశాస్త్రం. గుంట మగ్గంలో కూర్చుని కూర్చుని పట్టేసిన మీ నాయిన నడుము, వైద్యులకు ఒక గ్రంథం. ఇక ఆ పనిముట్ల పేర్లు మన నిఘంటువుల్లో ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా చూశావా?"

అతను కాసేపు మాట్లాడలేదు.

"పేర్లన్నీ నాకు రావు సార్. నాయిననే అడగాలె. ఆయన తర్వాత మా ఇంట్ల మగ్గం మీద కూర్చునేటోళ్లు లేరు."

ఆదివారం మొదటి బస్సుకే ఊరికి వెళ్లాడు, నా దగ్గర ఒక నోటుబుక్కు పుచ్చుకుని.