ఖాసిం రజ్వీ బాకీ ఎవరు కట్టాలె?

సెప్టెంబర్ 17 దగ్గర పడిందంటే చాలు, తెలంగాణలో జెండాల పంచాయితీ మొదలవుతుంది. ఒకరికి అది విమోచన, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో అయితే ఒకే పొద్దున హైదరాబాద్‌లో రెండు సర్కార్లు రెండు పండుగలు చేసినయి. పరేడ్ గ్రౌండ్‌లో కేంద్రం విమోచన దినమన్నది, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమని ఇంకో పేరు తగిలించింది. పేరు కోసం ఇంత కొట్లాట జరుగుతున్నది. ఆ రోజుల్లో ఎవరు చచ్చిండ్రు, ఎవరు చంపిండ్రు, ఎవరు తప్పించుకున్నరు అన్న లెక్క మాత్రం ఏ వేదిక మీదా పూర్తిగా వినపడదు. సగం లెక్క ఒక వేదిక మీద, మిగిలిన సగం ఇంకో వేదిక మీద.

ముందుగా ఒక మాట. రజాకార్ల దుర్మార్గాన్ని తక్కువ చేసి చూపే పని ఈ పత్రిక చేయదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో బురుజెక్కి ఎదిరించిన ఊరును చుట్టుముట్టి, దొరికిన మగవాళ్లను దొరికినట్టు వరుసలో నిలబెట్టి కాల్చి చంపిండ్రు. ఆడవాళ్ల మానాలు తీసిండ్రు. తగలబడ్డ ఊర్లు, సరిహద్దు దాటి శిబిరాల్లో తలదాచుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ గాయం కట్టుకథ కాదు, తెలంగాణ పల్లె దాన్ని మరిచిపోలేదు, మరిచిపొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

అయితే రజాకార్ అన్న మాటకు ముస్లిం అన్న అర్థం ఎప్పుడు అంటుకున్నది? ఎవరు అంటించిండ్రు? బైరాన్‌పల్లి ఘోరానికి వారం ముందు, ఆగస్టు 21 రాత్రి, కాచిగూడలో రజాకార్లు వేటాడి చంపింది ఎవరిని? ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో చేరాలని కోరిన ఏడుగురు ముస్లిం ప్రముఖుల ప్రకటనను అచ్చేసినందుకు, రజ్వీని వేలెత్తి చూపినందుకు, ఆ రాసిన చెయ్యినే నరికిండ్రు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది మఖ్దూం మొహియుద్దీన్. అంతకంటె ముందే, విసునూరు దొర రామచంద్రారెడ్డి మనుషుల చేతిలో భూమి కోసం ప్రాణమిచ్చినవాడు షేక్ బందగీ.

ఇక అవతలి దిక్కు చూడండి. రజ్వీ మాట చెల్లుబాటైన లాయక్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి. దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు కూడా అందులో మంత్రే. వెట్టి చేయించింది, పన్నులు పిండింది, రజాకార్లకు గడీల్లో మకాం ఇచ్చి విందులు పెట్టింది ఎక్కువ మంది హిందూ దేశ్‌ముఖులే. నిజాం రాజ్యం గద్దె మీద ఆసఫ్‌జాహీ, ఊరి మీద దొర. ఈ రెండింటి నడుమ నలిగిన వాళ్లల్లో చాకలి ఐలమ్మ ఉన్నది, బందగీ ఉన్నడు. దీన్ని తురకల రాజ్యమని ఒక్క మాటతోటి తేల్చిపారేస్తే లాభపడేది గడీయే.

ఇప్పుడు రెండో సగం లెక్క. సెప్టెంబర్ 13న యూనియన్ మిలటరీ నాలుగు దిక్కుల నుంచి వచ్చింది. 17న నిజాం లొంగిపోయిండు. 18న జనరల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌదురి ముందు ఆయుధాలు అప్పగించిండు. పేరు పోలీస్ చర్య, పని మిలటరీది. ఆ తర్వాత పల్లెల్లో, తాలూకాల్లో ముస్లింల మీద పడ్డ మూకల సంగతి విని నెహ్రూ ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. వాళ్లు నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగిండ్రు. 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూసిండ్రు. పోలేని 109 ఊర్ల నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడిండ్రు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చి ఉంటారని రాసిండ్రు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్... ఈ నాలుగు జిల్లాల్లోనే 18 వేల దాకా. మన దిక్కు నల్లగొండ, మెదక్ కూడా ఆ జాబితాలో ఉన్నయి. శవాలతో నిండిన బావులను వాళ్లు కళ్లారా చూసిండ్రు. షోలాపూర్ దిక్కు నుంచి వచ్చిన మతోన్మాద మూకల పాత్రను, కొన్ని చోట్ల లూటీలో పోలీసులు, సైనికులు కూడా చెయ్యి కలిపిన సంగతిని రాసిండ్రు. రజాకార్ల అకృత్యాలను కూడా దాచలేదు.

ఆ నివేదికలో ఇంకో సంగతి ఉన్నది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. హిందూ సాలెవాళ్లు తోటి ముస్లిం సాలెవాళ్లను కాపాడుకున్నరు. ఆ ప్రయత్నంలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నరు. మగ్గం గుంటలో పక్కపక్కన కాళ్లు పెట్టి కూర్చున్నవాడికి తెలుసు, పక్కవాడు రజ్వీ కాడని.

ఈ నివేదికను సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు. ప్రభుత్వం దాన్ని బీరువాలో పెట్టి తాళమేసింది. ఏ.జి. నూరానీ వంటి వాళ్లు బయటపెట్టేదాకా అర్ధ శతాబ్దం గడిచింది.

మరి శిక్ష ఎవరికి పడ్డది? నిజాం 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం పోయేదాకా రాజప్రముఖ్ హోదాలో, రాజభరణంతో ఉన్నడు. లాయక్ అలీ 1950లో గృహ నిర్బంధం నుంచి తప్పించుకొని పాకిస్తాన్ చేరిండు. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై అక్కడికే పోయిండు. దొరలు ఖద్దరు తొడుక్కొని ఊర్లకు మళ్లొచ్చిండ్రు, మిలటరీ వాళ్లకు కాపలా కాసి 1951 దాకా రైతుల భూములు గుంజుకోనిచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, టాంగా తోలేవాడు, జవాను, చిన్న గుమాస్తా, రోడ్డు మీద పండ్లమ్మేవాడు ఆ బాకీ కట్టిండ్రు. కొలువులు పోయినయి. ఉర్దూ పాలన భాషగా పోయింది, ఉస్మానియాలో చదువు ఇంగ్లిష్‌లోకి మారింది. ఉద్యోగులు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలె. ఖాళీ అయిన కుర్చీల్లోకి వచ్చింది నల్లగొండ పిల్లలు కాదు, బయటి నుంచి తెచ్చిన అధికారులు. 1952లో ముల్కీ కోసం విద్యార్థులు కాల్పులకు బలైంది ఆ కుర్చీల కోసమే. ముస్లింకు పడ్డ దెబ్బ, ముల్కీకి పడ్డ దెబ్బ ఒకే చేతివి.

ఇప్పుడు కొందరు పాతబస్తీ దిక్కు తిరిగి, మీ తాతలు చేసిన పాపానికి జవాబు చెప్పుమంటున్నరు. 1948లో పుట్టని మనిషి, పుట్టినా రజాకార్ల కిందే నలిగిన కుటుంబం పిల్లగాడు ఏం జవాబు చెప్పాలె? మతం చందా కట్టి చేరే పార్టీ కాదు. ఉస్మానాబాద్ బావుల కోసం ఇవ్వాళటి హిందూ పిల్లగాణ్ణి బోనులో నిలబెట్టడం ఎంత అన్యాయమో ఇదీ అంతే. సంస్థల సంగతి వేరు. వాటికి మనుషుల లెక్క చావు ఉండదు, కాబట్టి జవాబుదారీ ఉంటుంది. రజ్వీ నడిపిన మజ్లిస్ పేరుతోటే 1958లో మళ్లీ నిలబడ్డ పార్టీ బైరాన్‌పల్లి పేరు ఎత్తి మాట్లాడాలె. రజాకార్లు పాకిస్తాన్ పోయిండ్రనటం సరిపోదు. కమిటీని పంపింది భారత ప్రభుత్వం, నివేదికను తొక్కిపెట్టింది భారత ప్రభుత్వం, కాబట్టి అది కూడా నోరు విప్పాలె.

మన ఉద్యమానికి కూడా ఇదే కొలబద్ద. 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని తుంగలో తొక్కినవాళ్లకు పేర్లున్నయి. 1985లో వచ్చిన 610 జీవోను అమలు చేయని సర్కార్లకు తారీఖులున్నయి. కూకట్‌పల్లిలో కిరాయికుండే గుంటూరు మేస్త్రీ ఆ జాబితాలో లేడు. ‘ఆంధ్రావాలే భాగో’ అన్న కేకలు వినపడ్డ రోజుల్లో కూడా ఉద్యమం బలం ఆ కేకలో లేదు. కొట్లాట పాలకులతో, ప్రజలతో కాదు అని చెప్పిన మాటలో ఉన్నది. 2014లో రాష్ట్రం ఆ బలంతోటే వచ్చింది.

క్షమాపణ, క్షమించటం అన్న మాటలు మంత్రుల ఉపన్యాసాల్లో తేలిగ్గా దొర్లుతుంటయి. బైరాన్‌పల్లిలో కొడుకును పోగొట్టుకున్న తల్లి తరఫున ఢిల్లీ ఎట్ల క్షమిస్తుంది? నాందేడ్‌లో బావిలో దూకిన బిడ్డ తరఫున పాతబస్తీ నాయకుడు ఎట్ల మాఫీ చేస్తడు? పల్లెలు ఈ మాటలేవీ లేకుండనే తమ పని తాము చేసుకున్నయి. పీరీలను ఎత్తుకునేది ఇప్పటికీ ఎన్నో ఊర్లల్ల హిందువులే. జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు పోయే బండ్లల్ల ఎవరి మతమేదో అడిగేవాడు లేడు. నాయకులు చేయవలసింది మాఫీలు పంచటం కాదు, లెక్క చెప్పటం.

సుందర్‌లాల్ నివేదికను కేంద్రం అధికారికంగా అచ్చేసి తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడలో ఊరి పేర్లతో సహా జనం చేతికివ్వాలె. రాష్ట్ర శాసనసభ ఆ మేరకు తీర్మానం చేయాలె. బడి పుస్తకంలో బైరాన్‌పల్లి, షోయబుల్లాఖాన్, ఆ బావులు ఒకే పాఠంలో ఉండాలె. 1948లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డరు. ఉస్మానియా, కాకతీయ చరిత్ర విద్యార్థులు వచ్చే సెలవుల్లో ఫోను పట్టుకొని నల్లగొండ, మెదక్ పాత తాలూకాలకు బయలుదేరితే, ఆ ముసలవ్వలు, తాతలు చెప్పేది రికార్డు చేయటానికి ఇంకా కొద్దో గొప్పో సమయం ఉన్నది.