నీళ్లు ముందు, తువాలు తర్వాత



మన సంఘంలో నుంచి ఉప్పల్, నాచారం వైపు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కొందరు నాచారం పారిశ్రామికవాడలో పని చేస్తున్నారు, కొందరు క్యాబ్‌లు నడుపుకుంటున్నారు. దేవుని కృపను బట్టి వారిలో కొందరు సొంత కారు కొనుక్కున్నారు. కొత్త బండి అయినా, సెకండ్ హ్యాండ్ బండి అయినా, తాళంచెవి మా చేతిలో పెట్టి ప్రార్థన చేయమంటారు. మేము సంతోషంగా చేస్తాము. అయితే ఈ మధ్య ఆమేన్ అన్నాక ఇంకొక మాట కూడా చెబుతున్నాము: "ఈ బండిని పొడిగుడ్డతో మాత్రం తుడవకండి." అది విని నవ్వుతారు. పాస్టరుగారికి ఇదేం పట్టింపు అనుకుంటారు. ఆ మాట వెనుక ఒక సంగతి ఉంది. దానిని ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

నెలకొక శనివారం నాచారంలో ఒక విశ్వాసి ఇంట్లో కూడిక జరుగుతుందని మీలో చాలామందికి తెలుసు. జనగామ వైపు నుంచి వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్, నారపల్లి, బోడుప్పల్ దాటి ఉప్పల్ చేరేసరికి మా తెల్ల కారు రంగు మారిపోయేది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి కదా. ఆ స్తంభాల పక్కన దుమ్ము ఎలా లేచేదో ఆ దారిన తిరిగిన వారికి చెప్పనక్కరలేదు. కూడికకు ముందు బండి కాస్త శుభ్రంగా కనబడాలని, డిక్కీలో పెట్టుకున్న పాత తువాలు తీసి బానెట్ మీద గబగబా తుడవడం మాకు అలవాటు.

ఒక శనివారం అలాగే తుడుస్తుంటే వెనుక నుంచి ఒక చెయ్యి వచ్చి మా చెయ్యి పట్టుకుంది. చూస్తే మన సంఘపు తమ్ముడే. ఎయిర్‌పోర్టు ట్రిప్పులు వేసే క్యాబ్ డ్రైవర్. అమ్మను కూడికకు దించడానికి వచ్చాడు గానీ తాను చాలా నెలలుగా లోపలికి రావడం లేదు. ఎందుకు రాలేదో చివర చెబుతాము. "అయ్యగారూ, ఆగుండ్రి," అన్నాడు. "పొడిగుడ్డ పెట్టి తుడువొద్దు. మన్ను పోదు, గీతలు పడతయ్. ముందు నీళ్లు పొయ్యాలె."

ఎండలోకి తీసుకెళ్లి బానెట్ మీద పక్కనుంచి చూడమన్నాడు. సాలెగూడులా గుండ్రగుండ్రంగా సన్నని గీతలు, వందల కొద్దీ. మేము రోడ్డును అన్నాము, దుమ్మును అన్నాము. కానీ ఆ గీతలు పెట్టింది దుమ్ము కాదు, దుమ్మును తుడిచిన మా చెయ్యి. ఇసుక రేణువులు గుడ్డ కింద చిక్కుకుని, మేము నొక్కిన చోటల్లా గీసుకుంటూ పోయాయి.

ఉప్పల్, నాచారం కాలనీలలో పొద్దున్నే చూడండి. వీధి వీధినా ఇదే పని. ఓనర్లు పొడి డస్టర్‌తో దులుపుతుంటారు. కార్లు తుడిచే కుర్రాడు ఒకే గుడ్డతో పది కార్లు తుడుస్తాడు. శుభ్రమైందనుకుంటాము గానీ రోజుకు కొంచెం చొప్పున బండిని మనమే పాడు చేసుకుంటున్నాము. ఈ అలవాటు మానుకోవాలన్నదే మా అభిప్రాయం. కారు మీద పైన కనబడే మెరుపు క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొరది. చాలా కార్లలో దాని మందం ఇంచుమించు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలుచన. పోయిన పొరను ఇంట్లో మళ్లీ తెచ్చుకోలేము.

మరి ఎలా కడగాలి? ఆ తమ్ముడు మాకు నేర్పిన క్రమాన్నే, తర్వాత మేము చేసి చూసి తెలుసుకున్న వాటితో కలిపి చెబుతాము.

ముందుగా సమయం. ఎండ ఎక్కక మునుపు, నీడలో. బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడి రేకు మీద షాంపూ క్షణాల్లో ఎండిపోయి మరకలు కడుతుంది. కావలసినవి రెండు బకెట్లు, ఒక మగ్గు, కారు షాంపూ, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల సబ్బు పొడి వద్దు. అవి జిడ్డుతో పాటు బండి మీదున్న మైనాన్ని కూడా తీసేస్తాయి.

చక్రాలు మొదట కడగండి. వాటికి వేరే బ్రష్, వేరే గుడ్డ. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అక్కడే ఉంటుంది, ఆ గుడ్డ మళ్లీ బాడీకి తగలకూడదు. తర్వాత పైకప్పు మీద నుంచి మగ్గుతో మెల్లగా నీళ్లు పోస్తూ రండి. ఇంకా ముట్టుకోకండి. నీళ్లు దుమ్మును నానబెట్టి తమతో పాటు కిందికి దింపుతాయి. గట్టిపడిన బురద ఉంటే రెండు నిమిషాలు ఆగి మళ్లీ పోయండి. పనిలో సగం ఇదే.

ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో దానిలో మామూలు నీళ్లు. గుడ్డ షాంపూలో ముంచి ఒక భాగం కడిగాక మామూలు నీళ్లలో జాడించి, పిండి, మళ్లీ షాంపూలో ముంచాలి. అలా చేస్తే మన్ను రెండో బకెట్ అడుగున దిగిపోతుంది. పైనుంచి కిందికి, తిన్నగా గీత గీసినట్టు కడగండి, గుండ్రంగా రుద్దకండి. తలుపుల కింది భాగంలో మన్ను ఎక్కువ, దానిని ఆఖరున కడగండి. గుడ్డ నేల మీద పడిందా, పక్కన పెట్టేయండి, ఇంకొకటి తీసుకోండి. వెనుక అద్దం మీద వాక్యం స్టిక్కర్ ఉంటే దాని అంచులను గట్టిగా రుద్దకండి.

కడిగాక ఆరబెట్టడం కూడా పనిలో భాగమే. మన బోర్ల నీళ్లు చాలా చోట్ల ఉప్పన, గట్టి నీళ్లు. వాటిని అలాగే ఆరిపోనిస్తే చుక్క చుక్కకూ తెల్లని మచ్చ మిగులుతుంది. అందుకే వెంటనే పెద్ద మైక్రోఫైబర్ తువాలు పరచి, అద్ది, మెల్లగా లాగండి. మచ్చలు అప్పటికే పడి ఉంటే వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో అద్ది, మంచినీళ్లతో కడిగేయండి. అంతా అయ్యాక బండిని నెమ్మదిగా కొంచెం దూరం నడిపి రెండు మూడు సార్లు బ్రేకు తొక్కండి, డిస్కుల తడి పోతుంది.

ఇక పాలిష్, మైనం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మేమూ అనుకున్నాము. పాలిష్ అనేది తీసివేసేది. దానిలో కంటికి కనబడనంత సన్నని గరుకు ఉంటుంది. గీత చుట్టూ ఉన్న పొరను అది కొద్దిగా అరగదీస్తుంది కాబట్టి గీత కనబడకుండా పోతుంది. మైనం అనేది కప్పేది. పొరను తీయకుండా దాని మీద తానొక పొరగా నిలిచి ఎండను, వానను, పిట్టల రెట్టను కొంత తాను భరిస్తుంది. పేరున్న కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది.

కాబట్టి పాలిష్ ఊరికే చేయకూడదు. బండి కడిగి ఆరబెట్టాక వేలికి పల్చని ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ మీద జరపండి. గరగరమంటే పైన ఏదో అంటుకుని ఉంది, దానికి క్లే బార్ కావాలి. నున్నగా ఉండి ఎండలో గీతలు మాత్రమే కనబడితే అప్పుడు పాలిష్. గీతకు గోరు తట్టుకుంటే అది లోతైనది, ఇంటి పాలిష్‌కు పోదు, ఊరుకోవడమే మంచిది. చేసేటప్పుడు మూల చోట ఒకసారి చేసి చూడండి. స్పాంజి ప్యాడ్ మీద బఠాణీ గింజంత పాలిష్ నాలుగు చుక్కలు, ఒకసారికి రెండడుగుల చోటు, తేలికపాటి ఒత్తిడి. ఏడాదికి ఒకసారి చేసినా ఎక్కువే.

మైనం మాత్రం మూడు నెలలకొకసారి వేసుకోవచ్చు. వానాకాలానికి ముందు తప్పకుండా వేయండి. పల్చగా, ఎంత పల్చగా అంటే బండి మీద పూసినట్టే కనబడనంత. ఒక్కో భాగం పూసి, మసక కట్టే వరకు ఆగి, వేలితో గీసి చూడండి. వేలికి అంటకుండా వచ్చేస్తే శుభ్రమైన గుడ్డతో తుడిచేయవచ్చు. మందంగా పూస్తే ఎక్కువ కాపుదల రాదు, తుడవలేక చేతులు మాత్రం నొప్పి పెడతాయి. మర్నాడు నీళ్లు చల్లి చూడండి, తామరాకు మీద లాగా ముత్యాలై జారిపోతాయి.

కొందరు అడుగుతారు, నల్లాకు పైపు తగిలించి పది నిమిషాల్లో కడిగేస్తే పోదా అని. మేము ఒకసారి కొలిచి చూశాము. మా నల్లా కింద 15 లీటర్ల బకెట్ ఒక నిమిషంలో నిండింది. అరగంట పైపు వదిలితే 450 లీటర్లు. బకెట్లతో మాకు నాలుగు బకెట్లు, అంటే 60 లీటర్లు సరిపోయాయి. ఈ నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తున్నాయి. ఎండాకాలంలో మీ వీధిలోనే ఒక తల్లి ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమె కళ్ల ముందు మంచినీళ్లు కాలువలో పోయడం దేవుని బిడ్డలు చేయదగిన పని కాదు. బోరు నీళ్లైనా సరే, కొలిచి వాడుకుందాము.

ఇంకొక ప్రశ్న, కార్లు తుడిచే కుర్రాడిని మానిపించాలా? వద్దు. అతని ఇంటి పొయ్యి ఆ డబ్బుతో వెలుగుతుంది. అతనికి రెండు మంచి గుడ్డలు, ఒక బకెట్ ఇవ్వండి. రోజూ పొడిగా తుడిచే బదులు వారానికి రెండు సార్లు నీళ్లు పోసి కడగమని చెప్పండి. జీతం మాత్రం తగ్గించకండి.

ఇప్పుడు ఆ తమ్ముడు ఎందుకు రాలేదో చెప్పాలి. అంతకు ఏడెనిమిది నెలల ముందు, అదే ఇంట్లో, అందరూ కూర్చుని ఉండగా మేము అతని పేరు పెట్టి పిలిచి, "లోకం సంపాదన కోసం దేవుని సన్నిధి విడిచిపెట్టావా?" అని గద్దించాము. కారు అప్పు కంతు కోసం అతను రాత్రంతా నడిపి తెల్లారి ఇల్లు చేరుతున్నాడని, నాన్న మందుల ఖర్చు కూడా ఆ బండి మీదే ఉందని మేము అడగలేదు. అడగాలని తోచలేదు. అతని మీద కొంచెం దుమ్ము కనబడింది, చేతిలో గుడ్డ ఉంది, తుడిచేశాము. దానిని కాపరి బాధ్యత అనుకున్నాము.

ఆ రోజు బండి పక్కన నిలబడి, "ముందు నీళ్లు పొయ్యాలె" అని అతను చెప్పింది కారు గురించే. మమ్మల్ని ఎత్తిపొడవాలని కాదు. అయినా ఆ మాట మాకు గుచ్చుకుంది. యోహాను సువార్త 13వ అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. ప్రభువు తువాలు కట్టుకోవడం గురించి, వంగడం గురించి చాలా చెప్పాము. ఆయన ముందు పళ్లెములో నీళ్లు పోశాడని, కడిగాడని, ఆ తర్వాతే తువాలుతో తుడిచాడని చదువుతూనే ఉన్నాము గానీ ఆ వరుసను ఎన్నడూ గమనించలేదు. ఆయన ఎవరి పాదాలూ పొడిగా తుడవలేదు.

గద్దింపు ఉండకూడదని మేము అనడం లేదు. పాలిష్ అవసరమయ్యే గీతలు ఉంటాయి. కానీ అది పొరను తీసేదని తెలిసి, బాగా కడిగి చూసి, తప్పదనుకున్నప్పుడే చేయాలి. మన ఇళ్లలో పిల్లల మీద, సంఘంలో యవ్వనస్తుల మీద మనం రోజూ పాలిష్ పెడుతున్నామేమో ఒకసారి ఆలోచించండి. మెరుపు రావడం లేదని ఇంకా గట్టిగా రుద్దుతున్నామేమో.

అదే సాయంత్రం కూడికలో, గద్దించినప్పుడు విన్న వారందరి ఎదుటే మేము అతనిని క్షమాపణ అడిగాము. అతను తల దించుకుని ఏమీ అనలేదు. బయటికి వెళ్లి మా కారు మిగతా సగం కడిగాడు. ఇప్పుడు ట్రిప్పులు లేని శనివారాల్లో వస్తున్నాడు. కొన్ని నెలలు రాడు. ఎందుకు రాలేదని అందరి ముందు అడగడం మానేశాము. ఫోను చేసి భోజనం చేశావా అని అడుగుతున్నాము.

బానెట్ మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి. పాలిష్ పెట్టిస్తే చాలావరకు పోతాయని తమ్ముడు అన్నాడు. ప్రస్తుతానికి ఉండనిచ్చాము.

వచ్చే కూడికకు నాచారం వచ్చేవారు ఒక్కో పాత బకెట్ తెచ్చుకోండి. కూడిక అయ్యాక యవ్వనస్తులకు బండి కడగడం అతనే నేర్పుతానన్నాడు. మా కోసం, అతని కుటుంబం కోసం మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.