సొసైటీకి కంప్యూటరు వచ్చింది సరే, మన ఖాతా సరిచూసేదెవరు?

సొసైటీ ఆఫీసులో లెడ్జర్లు అటకెక్కుతున్నాయి. మంచిదే. చేతిరాత లెడ్జర్ల కాలంలో చచ్చిపోయినవాళ్ల పేరు మీద అప్పులు పుట్టడం, కట్టిన అప్పు మళ్లీ బాకీగా లేవడం మనం చూడని సంగతులు కావు. అందుకే కంప్యూటర్ వద్దని మనం ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు.

ఈ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. దేశంలోని 63 వేల ప్రాథమిక సహకార సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చి, జిల్లా సహకార బ్యాంకు, రాష్ట్ర బ్యాంకు, నాబార్డుతో కలపాలని ఉద్దేశం. మొదట వేసిన ఖర్చే 2,516 కోట్లు. అమలు నాబార్డు చేతిలో ఉంది. బాగానే ఉంది. మరి ఊళ్లో ఈ పని జరిగేటప్పుడు గదిలో ఎవరున్నారు? కంపెనీ కుర్రాడు, సొసైటీ సీఈఓ, బ్యాంకు సూపర్‌వైజరు. వాటా ధనం కట్టిన రైతు మాత్రం బయట అరుగు మీద కూర్చున్నాడు. వాళ్ల లెక్కలో మనం బయటివాళ్లం. సొసైటీ ఎవరిదో ముందు తేల్చుకుంటే మంచిది!

దీనివల్ల ఏం జరుగుతుందో మా సొసైటీలో చూశాం. మా సభ్యుడొకాయన లక్ష రూపాయల పంట రుణానికి గడువు మార్చి 31. ఆయన 29నే డబ్బు కట్టాడు, చేతిరాత రసీదు తెచ్చుకున్నాడు. పాత లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే హడావుడిలో ఆ జమ ఏప్రిల్ 4న పడింది. పంట రుణం మీద వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. తేదీ మారేసరికి రాయితీ పోయింది. లక్షకు ఏడాదికి మూడు వేలు. అడిగితే 'సిస్టమ్ తీసుకోవట్లేదండీ' అన్నారు. తప్పు చేసింది మనుషులు, శిక్ష పడింది రైతుకు, జవాబు చెప్పేది మాత్రం సిస్టమ్. మూడు వేలంటే యూరియా బస్తాలు పదికి పైనే వస్తాయి.

కంప్యూటర్‌లో మొదటి రోజు ఎక్కిన బాకీయే ఇకమీదట అసలు బాకీ అవుతుంది. ఆ రోజు తప్పు పడితే ఏళ్ల తరబడి మోయాల్సిందే. పక్క తెలంగాణలో ధరణి పోర్టల్ సంగతి చూడండి. 2020 అక్టోబరులో మొదలైంది. రికార్డులో తప్పు పడితే దిద్దే దారి మొదట్లో లేదు, తర్వాత ఒక్కొక్కటిగా పెట్టారు. ఈలోపు రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. చివరికి 2025లో భూభారతి పేరుతో కొత్త చట్టమే తేవాల్సి వచ్చింది. తప్పును ముందే పట్టగలిగేవాడు రైతే. ఏ గట్టు ఎవరిదో, ఏ అప్పు ఎప్పుడు తీర్చాడో అతనికి తెలుసు. అతన్ని మాత్రం ఆఖర్న పిలుస్తారు, అదీ బాకీ నోటీసు ఇవ్వడానికి.

మన రాష్ట్రంలో ఇంకో చిక్కుంది. సొసైటీలకు 2013 తర్వాత ఎన్నికలు లేవు, నామినేటెడ్ కమిటీలతోనే నడుస్తున్నాయి. మన తరఫున అడిగేవాడు లేడు. కౌలు రైతు మాటయితే చెప్పనక్కర్లేదు. సాగు హక్కు పత్రం ఉన్నవాడి అప్పు ఏ గడిలో ఎక్కించాలని అడిగితే ఆ కుర్రాడు సీఈఓ ముఖం చూశాడు, సీఈఓ ఫ్యాన్ వంక చూశాడు.

మనం అడిగేది కొండంత కాదు. ఎక్కించిన బాకీల జాబితాను తెలుగులో సొసైటీ గోడ మీద పదిహేను రోజులు అంటించాలి. మహాజన సభ పెట్టి చదివి వినిపించాలి. పాత రసీదు తెచ్చినవాడి మాట విని, తేదీతో సహా దిద్దాలి. దిద్దే అధికారం సొసైటీలోనే ఉండాలి, జిల్లా కేంద్రానికి తిప్పకూడదు. డబ్బు కట్టిన క్షణానే అచ్చు రసీదు చేతికివ్వాలి, ఫోన్‌కి మెసేజ్ తెలుగులో రావాలి. ఇవన్నీ అయ్యాకే పాత లెడ్జర్లు మూయాలి. అప్పటిదాకా వాటిని ఎవరూ చెదలకు వదలకూడదు.

సభ్యులు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ట్రంకు పెట్టెల్లో, దూలాల సందుల్లో ఉన్న పాత రసీదులు బయటికి తీసి ఫోటో తీయించండి. చదువు రానివాళ్లకు ఇంట్లో పిల్లలు సాయం చేయాలి. మా సొసైటీలో జాబితా అంటించమని ముప్పై ఎనిమిది మంది సంతకాలతో అర్జీ ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. జాబితా ఇంకా గోడెక్కలేదు.