అల్మరాలో మిగిలిన వ్యంగ్యం

చానెల్ వద్దనుకున్న నవ్వును ప్రేక్షకులు కొనుక్కుని మరీ బతికించుకున్న ఉదంతం అమెరికాలో ఉంది. పెద్దల యానిమేషన్ ధారావాహిక ‘ఫ్యామిలీ గై’ని ఫాక్స్ 2002లో నిలిపివేసింది. మరుసటి ఏడాది దాని డీవీడీలు లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి. కేబుల్ పునఃప్రసారాలూ తోడయ్యాయి. 2005లో ఫాక్స్ దాన్ని మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు.

ఈ బొమ్మల హాస్యానికి మొహమాటం లేదు. నాయకులను, మతబోధకులను, చివరకు ఫాక్స్‌ను సైతం ఒకే గాటన కడుతుంది. తరచూ వెకిలితనంలోకి జారుతుంది కూడా. అయితే ఏది వెకిలి, ఏది విమర్శ అన్నది తేల్చవలసింది ప్రకటనదారులకు జంకే చానెల్ కాదు, చూసే పౌరుడు. గర్భస్రావంపై తీసిన ఒక భాగాన్ని ప్రసారం చేయడానికి ఫాక్స్ నిరాకరించింది; 2010లో అది డీవీడీ రూపంలో అమెరికన్ల ఇళ్లకు చేరింది.

స్ట్రీమింగ్ ఈ వెసులుబాటును హరిస్తోంది. 2020లో ‘సౌత్ పార్క్’ హెచ్‌బీఓ మ్యాక్స్‌కు చేరినప్పుడు మహమ్మద్ ప్రవక్తకు సంబంధించిన ఐదు భాగాలు అందులో లేవు. వాటిలో ఒకటి 2001లో టీవీలో యథాతథంగా ప్రసారమైనదే. ఆ సీజన్ డిస్కు కొన్నవారి అల్మరాలో అది ఇప్పటికీ పదిలం.

ఫిర్యాదుల దరిమిలా 2024 జనవరిలో తమిళ చిత్రం ‘అన్నపూరణి’ నెట్‌ఫ్లిక్స్ నుంచి అదృశ్యమైంది. కోర్టు తీర్పు అవసరం రాలేదు, ప్రభుత్వ నిషేధమూ అవసరం రాలేదు. చందాదారుడికి దక్కేది చూసే అనుమతే తప్ప హక్కు కాదు. అద్దెకు తెచ్చుకున్న భావస్వేచ్ఛను యజమాని ఎప్పుడైనా ఖాళీ చేయించగలడు.