తిరగబడ్డ ఫోటో, తారుమారైన పేర్లు

ఈమధ్య మా సంఘం వార్షిక సంచిక కోసం సభ్యులను పాత ఫోటోలు అడిగాం. వాటిలో ఒకటి ఒకప్పటి తెలుగు బడిది. పంతుళ్ళంతా వరుసగా నిలబడ్డారు. వెనకున్న బోర్డు చదవబోతే అక్షరాలు అద్దంలో చూసినట్టున్నాయి. ఫిల్మును తిరగేసి ప్రింటు వేశారన్నమాట.

ఒక సభ్యుడి కుమారుడు బ్రౌజర్‌లో ఏదో ఉచిత సైటు తెరిచి అర నిమిషంలో ఫోటోను సరిచేశాడు. ఫోటో వెనక ‘ఎడమ నుంచి కుడికి’ అని రాసి ఉన్న పేర్లను అదే వరుసలో మనుషుల మీద రాసేశాడు. బొమ్మ తిరిగాక ఎడమ కుడి అయింది కదా! హెడ్మాస్టరు గారి పేరు చివరి పంతులుకు చేరింది. ఒక పెద్దాయన గుర్తుపట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అచ్చులో అదే చరిత్ర అయ్యేది.

పరాయి రాష్ట్రంలో తరాలుగా ఉన్న మనకు ఇలాంటి ఫోటోలే సాక్ష్యాలు. ఫలానా చోట తెలుగు బడి ఉండేదని చెప్పడానికి చాలా ఊళ్ళలో మిగిలింది ఇవే. అందుకే అసలు ఫోటోను ముట్టుకోకుండా నకలు మీదే పని చేయాలి. పేర్లు ముఖాల మీద కాక, కింద ఖాళీ అంచులో రాయాలి. బోర్డు లేని ఫోటోల్లో చొక్కా జేబు, పైట చూడండి. జేబు మామూలుగా ఎడమవైపు ఉంటుంది, పైట ఎడమ భుజం మీద ఉంటుంది. అందరికీ కుడివైపు కనిపిస్తే బొమ్మ తిరగబడిందని అనుమానించవచ్చు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ అబ్బాయే మరునాడు, అడ్డంగా వచ్చిన సభ్యుల ఆధార్ ఫోటోలను అదే సైటులో నిలువు చేయబోతుంటే ఆపాం. ఇలాంటి సైట్లు రెండు రకాలు. కొన్ని పనంతా మన కంప్యూటర్‌లోనే చేస్తాయి. మరికొన్ని ఫోటోను తమ సర్వర్‌కు పంపించుకుంటాయి. పేజీ తెరిచాక ఇంటర్నెట్ ఆపి, పనికిరాని ఫోటో ఒకటి తిప్పి చూడండి. తిరగకపోతే ఫోటో బయటికి వెళ్తోందనే అనుకోవాలి. నంబరు మీద రంగు పెన్ను పూస్తే చాలదు. పలుచని రంగు కింద అంకెలు బయటపడతాయి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉడాయ్ వెబ్‌సైటే ఇస్తోంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలు దశలవారీగా జరుగుతుంది. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. వివరాలు తీసుకునేందుకు అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది. మనం ఏ రాష్ట్రంలో ఉన్నామన్నది దానికి అడ్డు కాదు. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వ్యక్తికి ఈ చట్టం వర్తించదు. సభ్యుల వివరాలు కంప్యూటర్‌లో దాచే సంఘాలు మాత్రం ఆ మినహాయింపు తమదనుకోకూడదు.

అందుకే ముందు మా ఇల్లు సర్దుకున్నాం. సభ్యత్వానికి ఆధార్ అడగడం మానేశాం, ఉన్న నకళ్ళు తీసేశాం. బడి ఫోటో రెండు రూపాల్లోనూ భద్రంగా ఉంది. మీ ట్రంకుపెట్టెల్లోనూ ఇలాంటివి ఉంటాయి. గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే బయటికి తీసి, ఎవరు ఎవరో రాయించుకోండి.