రంగునకు నిషేధము, తుపాకికి రాజమార్గము

2019 అక్టోబరులో ‘జోకర్’ చలనచిత్రము విడుదలయినప్పుడు అమెరికాలోని సినిమాశాలల యజమానులు కొందఱు తమ ద్వారములకడ వింత కావలి పెట్టిరి. ఏఎంసీ వారి శాలలలో ముసుగు వేసికొన్నవారికిని, ముఖమునకు రంగు పూసికొన్నవారికిని ప్రవేశము లేదు. లాండ్‌మార్క్ వారు అంతటితో తృప్తిపడక వేషములనే నిషేధించిరి. ప్రజల ప్రాణరక్షణకట! ఈ కారణమును మేము పరీక్షింపదలచినాము.

1940లో ‘బాట్‌మాన్’ బొమ్మలకథల పుస్తకపు తొలి సంచికలో పుట్టిన ప్రతినాయకుడీ జోకర్. 1966 నాటి టెలివిజన్ కథలలో ఈ వేషము ధరించిన సీజర్ రొమేరో మీసము తీయ నిరాకరింపగా, మీసముమీదనే తెల్లరంగు పులిమిరి! అప్పుడాతడు పిల్లలను నవ్వించు కొంటెవాడు. 2008లో హీత్ లెడ్జర్ ఆ పాత్రను భయంకరము గావించి, మరణానంతరము ఆస్కార్ బహుమానము నొందెను. 2019 చిత్రమునకు హోకిన్ ఫీనిక్స్ కును ఆ గౌరవమే దక్కెను; చిత్రము నూఱుకోట్ల డాలర్లకు మించి ఆర్జించెను. లెడ్జర్ చిత్రమునకై 2007లో శాన్ డియేగో మేళాలో అభిమానుల ముఖములకు ఈ రంగు పూయించినవారు ప్రచారకులే. వ్యాపారమునకు పనికివచ్చిన రంగు ద్వారముకడకు వచ్చునప్పటికి నేరమయ్యెను. కీచకవేషము గట్టినవానిని కీచకుడని బంధించిన ఊరు మన యాంధ్రదేశమున నున్నదా?

భీతికి మూలము లేకపోలేదు. 2012 జూలై 20న కొలరాడో రాష్ట్రములోని ఆరోరాలో ‘ది డార్క్ నైట్ రైజెస్’ ప్రదర్శనమున ఒక దుర్మార్గుడు కాల్పులు జరిపి 12 మందిని చంపెను. తాను జోకర్ నని వాడు చెప్పికొనెనను వదంతి లోకమంతయు ప్రాకెను. సాక్ష్యమెక్కడ? ఆ చిత్రమున జోకర్ పాత్రయే లేదు. జోకర్ జుట్టు పచ్చనిది, వానిది ఎఱ్ఱనిది. వాడు తొడిగినది విదూషకుని యంగరఖా కాదు; విషవాయువు సోకని ముసుగు, తూటా దూరని కవచము. కేసు నడిపిన ప్రాసిక్యూటరే ఆ వదంతి నిరాధారమనెను. నిజమైన సాక్ష్యము వేఱొకటి కలదు. వాని తుపాకులన్నియు చట్టప్రకారము కొన్నవి. అందొకదానికి 100 తూటాలు పట్టు డబ్బా బిగింపబడియుండెను.

2019లో ఆ మృతుల బంధువులు కొందఱు వార్నర్ బ్రదర్స్ సంస్థకు లేఖ వ్రాసిరి. చిత్రమును నిలుపుడని గాని, వేషములను మాన్పుడని గాని వారడుగలేదు. తుపాకుల సంఘమువారి సొమ్ము తిను అభ్యర్థులకు విరాళము లీయవలదని యడిగిరి. కడుపుకోత పడినవారు తుపాకిని జూపుచుండగా, శాలాధిపతులు రంగుడబ్బాను జూపిరి!

తన శాలకు తాను నిబంధన వ్రాసికొను హక్కు యజమానికి గలదు; చీకటిలో ముసుగువానిని జూచి జనులు జంకుటయు సహజమే. మేము కాదనము. కాని 1970 నుండి జరుగుచున్న శాన్ డియేగో మేళాను చూడుడు. అచట పనిచేయు తుపాకికి తావులేదు. అట్టతో చేసిన తుపాకియు పరీక్షకు లోబడవలసినదే. వేషధారు లీ కట్టుబాటునకు లోబడియే వచ్చుచున్నారు. నిజమైన తుపాకికి అట్టి కట్టుబాటు పెట్టబోయినవారి గతి యేమి? 2013లో కొలరాడో శాసనసభ తూటాడబ్బాకు 15 తూటాల హద్దు విధించెను. ఆ యేడే అందులకు కారకులైన సెనేటర్లలో ఇద్దఱిని రీకాల్ ఓటుతో ఇంటికి పంపిరి. ఆ శాలాధిపతులకు నిషేధములు వ్రాయుట వచ్చును గనుక, తమ కాంగ్రెసుసభ్యులకును ఒకటి వ్రాసి పంపుదురు గాక!